ఒక బిడ్డ, ఆరు కాగితాలు: ఎదుగుదల వైకల్యాల రంగంలో ఉమ్మడి నాయకత్వ శిక్షణ ఎలా నడపాలి

ఎదుగుదల వైకల్యం ఉన్న బిడ్డ తల్లి ఆస్పత్రికి తెచ్చుకునే ప్లాస్టిక్ కవరు ఒకసారి విప్పి, అందులోని కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూడండి. ఫిజియోథెరపిస్టు రోజుకు రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున వ్యాయామం రాసి ఉంటారు. స్పీచ్ థెరపిస్టు 30 నిమిషాలు, స్పెషల్ ఎడ్యుకేటర్ 45, చేతివేళ్ల పనికి మరొకరు 20, ఆటలకు సైకాలజిస్టు 25. ఆరో కాగితం ఫిట్స్ మందు చీటీ. మందు సంగతి పక్కనపెట్టి కూడితే 160 నిమిషాలు, అంటే రెండు గంటల నలభై. ఆ తల్లి పొద్దున ఎనిమిదింటికల్లా పత్తి ఏరడానికి ఆటో ఎక్కాలి. విడివిడిగా చూస్తే ఎవరు రాసిందీ తప్పు కాదు. కూడిక మాత్రం ఎవరూ చెయ్యలేదు.

ఉమ్మడి శిక్షణ ముందుగా నేర్పాల్సింది ఈ కూడికే. ఎవరికి వారు పరీక్షించి, ఎవరి కాగితం వారు ఇచ్చే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అందరూ ఒకచోట కూర్చుని ఒకే లక్ష్యం రాసుకోవడం ఇంకో మెట్టు. ఒకరి పనిలో కొంత భాగాన్ని ఇంకొకరికి నేర్పి అప్పగించడం ఆ పై మెట్టు. వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్, ములుగు, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ఈ మూడో మెట్టు దాకా వెళ్లక తప్పదు. స్పీచ్ థెరపిస్టు జిల్లా కేంద్రంలో ఉంటారు, బిడ్డ ఏటూరునాగారం అవతలి గూడెంలో ఉంటుంది. ఆ బిడ్డను రోజూ చూసేది అంగన్‌వాడీ టీచరే.

అమెరికాలో 'లెండ్' పేరుతో ఇలాంటి శిక్షణ దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ పూర్తిస్థాయి అభ్యర్థికి 300 గంటలకు తగ్గకుండా ఉంటుంది. అక్కడి తల్లీబిడ్డల ఆరోగ్య రంగం నాయకత్వాన్ని మూడు వలయాలుగా చూస్తుంది: తాను, తోటివారు, బయటి సమాజం. చట్రంగా అది బాగుంటుంది. గంటలు మాత్రం మన ఉద్యోగాలకు సరిపడేలా 150 పెట్టుకోండి. అంతకు మించితే పైఅధికారులు మనుషుల్ని వదలరు, 100 కంటే తగ్గిస్తే ఉపన్యాసాలు తప్ప ఇంకేమీ మిగలదు.

ఎవరిని తీసుకోవాలి

పన్నెండు మంది చాలు. మెడికల్ ఆఫీసర్ లేదా పిల్లల డాక్టర్ 1, ఫిజియోథెరపిస్టులు 2, స్పీచ్ థెరపిస్టు 1, సైకాలజిస్టు 1, భవిత కేంద్రాల స్పెషల్ ఎడ్యుకేటర్లు (ఐఈఆర్‌పీలు) 2, అంగన్‌వాడీ టీచర్లు 2, ఐసీడీఎస్ సూపర్‌వైజర్ 1, పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే బృందం నుంచి ఏఎన్‌ఎం 1, సోషల్ వర్కర్ 1. డాక్టర్లు ఎక్కువైతే అంగన్‌వాడీ టీచర్ల నోరు పెగలదు. అందుకే డాక్టరు ఒక్కరు, టీచర్లు ఇద్దరు. ఇది లెక్క తప్పి వచ్చింది కాదు, కావాలని పెట్టిందే.

శిక్షకులుగా ఇద్దరు తల్లిదండ్రులు, వైకల్యం ఉన్న పెద్ద వయసు వ్యక్తి ఒకరు తప్పనిసరి. ఉపన్యాసానికి వచ్చే నిపుణుడికి గంటకు ఎంత ఇస్తున్నారో వీళ్లకూ అంతే ఇవ్వాలి, అదే రోజు ఇవ్వాలి. శాలువా కప్పి పంపిస్తే వాళ్లు అతిథులైపోతారు, ఇక తప్పు పట్టరు. మీకు కావాల్సింది తప్పు పట్టేవాళ్లే.

ఇక అనుమతులు. పన్నెండు మందీ మూడు శాఖల కింద పనిచేస్తారు కాబట్టి జిల్లా వైద్యాధికారికి, విద్యాధికారికి, సంక్షేమాధికారికి వేర్వేరుగా మూడు లేఖలు పెట్టాలి. ప్రతి లేఖలో అభ్యర్థి పేరు, హోదా, అన్ని తేదీలు ఉండాలి, ఆ రోజులను ఆన్‌డ్యూటీగా పరిగణించాలని స్పష్టంగా అడగాలి. మొదలుపెట్టడానికి ఆరు వారాల ముందే లేఖలు చేరాలి. నోటిమాట అనుమతి ఉంటే మూడో నెలలో ఏదో ఒక సర్వే వచ్చిపడుతుంది, సగం మంది రారు. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు సీఆర్‌ఈ (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు అడుగుతారు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) ముందుగా ఆమోదించిన కార్యక్రమానికే అవి వస్తాయి. కాబట్టి కావాలనుకుంటే దరఖాస్తు ముందే పెట్టండి, రాకపోతే ఆ మాట మొదటి రోజే చెప్పేయండి.

తేదీలు, గంటలు

జూలైలో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగించండి. జూన్‌లో బడులు తెరిచిన హడావుడి, మార్చిలో పరీక్షలు. ఈ ఎనిమిది నెలల లెక్క ఇలా వస్తుంది: నెలకో రోజు పూర్తి తరగతి, రెండో శనివారం, 6 గంటలు, మొత్తం 48. నెలకు రెండు కేసు సమావేశాలు, ఒక్కోటి తయారీతో కలిపి 2 గంటలు, మొత్తం 32. ఇంటి సందర్శనలు నెలకు 5 గంటలు, మొత్తం 40. తల్లిదండ్రులైన శిక్షకులతో 12 గంటలు. వ్యవస్థలో ఒక చిన్న లోపాన్ని సరిచేసే పనికి 18. అన్నీ కలిపి 150.

తేదీలు వేసేటప్పుడు పక్కన పంచాంగం, పంటల లెక్క రెండూ పెట్టుకోండి. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో పగటిపూట ఇంటికి వెళితే తాళమే కనిపిస్తుంది, సాయంత్రం ఆరు దాటాక వెళ్లాలి. బతుకమ్మ, దసరా రోజుల్లో తరగతి పెట్టవద్దు, సందర్శన మాత్రం పెట్టండి. బతుకమ్మ పేర్చే చోట ఆ బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టారో, అసలు బయటికి తెచ్చారో లేదో చూస్తే నాలుగు ప్రశ్నావళులకు దొరకని విషయం దొరుకుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ ఏడు జాతరకు ముందూ వెనకా ములుగు సిబ్బంది మీద ఆశ పెట్టుకోకండి, అందరూ జాతర డ్యూటీలోనే ఉంటారు.

గది విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. కింది అంతస్తు, 90 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపు, మెట్టు ఉంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున ర్యాంపు, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి. కుర్చీలు గుండ్రంగా వెయ్యాలి, వేదిక వద్దు. మరుగుదొడ్డిని ముందురోజు మీరే వెళ్లి చూసుకోండి. 'ఉంది సార్' అన్నవి చాలావరకు తాళం వేసి, లోపల చీపుర్లు పెట్టినవే.

మొదటి రోజు: మాటలు సరిచేసుకోవడం

ఒక బిడ్డ గురించిన రెండు పేజీల వివరం అందరికీ ఇవ్వండి. పది నిమిషాల్లో ఒక్కొక్కరు మూడు ముఖ్యమైన విషయాలు రాయాలి. కాగితాలు గోడకు అంటించండి. ఫిజియోలు కాళ్ల గురించి, స్పీచ్ వాళ్లు నోటి గురించి, డాక్టరు ఫిట్స్ గురించి రాసి ఉంటారు. బిడ్డ ఎవరితో ఆడుకుంటుందో రాసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ కాగితాలు దాచిపెట్టండి, చివరి రోజు మళ్లీ పనికొస్తాయి.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ చట్రం (మనిషి పనితీరును, వైకల్యాన్ని వర్గీకరించేది) పరిచయం చెయ్యండి. గంటన్నర ఉపన్యాసం వద్దు. చార్టు మీద నాలుగు గడులు చాలు: శరీరం ఎలా పనిచేస్తోంది, బిడ్డ ఏం చేయగలుగుతోంది, ఏ పనుల్లో నలుగురితో కలుస్తోంది, చుట్టూ ఏది సాయం, ఏది అడ్డం. గోడ మీది ప్రతి వాక్యాన్నీ ఈ నాలుగింటిలో ఒక గడిలోకి చేర్చమనండి. మొదటి గడి కిక్కిరిసిపోతుంది, మూడోది ఖాళీగా ఉంటుంది. పాఠం చెప్పకుండానే అర్థమైపోతుంది.

అదే పూట మాటల పట్టిక ఒకటి తయారుచెయ్యాలి. 'టోన్' అంటే ఫిజియోకి కండర బిగువు, స్పీచ్ థెరపిస్టుకి గొంతు తీరు, అంగన్‌వాడీ టీచర్‌కి ఫోన్ రింగు. 'రిగ్రెషన్' అని డాక్టరు అంటే, వచ్చిన మాటలు, పనులు పోయాయని. తల్లికి ఆ మాట అలాగే తెలుగులో చెబితే చాలు. తల్లి ముందు అనకూడని మాటలు కూడా పట్టికలో చేర్చండి. 'మందబుద్ధి' మొదట పోవాలి. మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే 1984లో పెట్టినప్పటి 'మెంటల్లీ హ్యాండిక్యాప్డ్' పేరు వదిలేసి ఎన్‌ఐఈపీఐడీగా, అంటే బౌద్ధిక వైకల్యం ఉన్నవారి సాధికారత సంస్థగా మారింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం పేరు చేరింది అందులోనే. ఈ రెండు ముక్కలూ చెబితే మాట మార్చుకోవడం ఫ్యాషన్ కాదని తెలుస్తుంది.

పరీక్షా సాధనాల గురించి ఒక హెచ్చరిక ఈ రోజే పెట్టాలి. ఎం-చాట్ 16 నుంచి 30 నెలల పిల్లలకు 20 ప్రశ్నలతో చేసే వడపోత, దాన్ని చూసి 'ఆటిజం ఉంది' అనకూడదు. ఐశా ఆటిజాన్ని అంచనా వేసే 40 అంశాల భారతీయ కొలబద్ద, 70 లేదా అంతకు మించితే ఆటిజం వైపు లెక్క. వడపోతకూ నిర్ధారణకూ తేడా తెలియనివాళ్లు బృందంలో ఒక్కరున్నా ఒక ఇల్లు అనవసరంగా తల్లకిందులవుతుంది. తండాలో లంబాడీ, గూడెంలో కోయ మాట్లాడే బిడ్డకు తెలుగులో తెలివితేటల పరీక్ష పెడితే అంకె తగ్గుతుంది. పరీక్ష ఏ భాషలో చేశారో, ఇంట్లో ఏ భాషో రిపోర్టు మొదటి వరుసలోనే రాయాలి.

కేసు సమావేశం: 50 నిమిషాలు, నిమిషం నిమిషం

శిక్షణకు ప్రాణం ఇదే. మొత్తం 16 సమావేశాలు వస్తాయి. పన్నెండు మందీ తలా ఒకటి నడపాలి, మిగతా నాలుగు మొదటిసారి తడబడినవాళ్లకు. ఒక్కో సమావేశంలో ఆరుగురు కూర్చుంటారు, మిగతావారు వెనకాల కూర్చుని చూస్తారు. నడిపేవారు ఆ కేసుకు చికిత్స చేస్తున్నవారు అయి ఉండకూడదు. అలా అయితే తన లక్ష్యాన్నే అందరిచేతా ఒప్పించుకుంటారు.

మొదటి 5 నిమిషాలు తల్లి లేదా తండ్రి మాట్లాడాలి. తర్వాత 3 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, తమ సలహాను ఒక చీటీ మీద ఒకే వాక్యంగా రాయాలి. 12 నిమిషాలు ఆరుగురూ రెండేసి నిమిషాల చొప్పున చెప్పాలి. ఇక్కడ వరుస చాలా ముఖ్యం: ముందు అంగన్‌వాడీ టీచర్, తర్వాత ఏఎన్‌ఎం, తర్వాత థెరపిస్టులు, చివర డాక్టరు. వరుస తిరగేస్తే ఏమవుతుందో మనందరికీ తెలిసిందే. డాక్టరు గారు ముందు మాట్లాడితే మిగతా ఐదుగురూ 'సార్ చెప్పినట్టే' అంటారు, చీటీలో వేరే రాసుకున్నవాళ్లు కూడా. ఆ తర్వాత 10 నిమిషాలు ప్రశ్నలు, 15 నిమిషాలు ఒకే లక్ష్యం రాయడం, చివరి 5 నిమిషాలు ఎవరు, ఎప్పటిలోగా.

సాధనకు ఒక కేసు తీసుకుందాం. ఐదేళ్ల పాప, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేని స్థితి), ఆసరాతో కూర్చుంటుంది, సొంతంగా నడవలేదు, మాటలు నాలుగైదు, తండాలో ఇల్లు. చీటీలు తీస్తే ఇలా ఉంటాయి: రోజుకు అరగంట స్టాండింగ్ ఫ్రేములో నిలబెట్టాలి. బొమ్మల కార్డులు పది గుర్తుపట్టాలి. రంగులు నేర్పాలి. తల్లి అన్నది మాత్రం ఇది: "ఒంటికొస్తే ముందుగాల చెప్తే చాలు సార్, మిగిలింది నేను జూస్కుంట."

నడిపేవారు ఆ వాక్యాన్ని చార్టు మీద అలాగే, ఆమె మాటల్లోనే రాయాలి. 'టాయిలెట్ ఇండికేషన్ ఇంప్రూవ్‌మెంట్' అని మార్చి రాస్తే రెండో నిమిషంలోనే ఆ లక్ష్యం ఆమె చెయ్యి జారిపోతుంది. ఆ తర్వాత ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యం నిజం కావడానికి మీ చేతిలో ఏముంది?

డాక్టరు ముందు మలబద్ధకం చూడాలి. ఈ పిల్లల్లో కదలిక తక్కువ, నీళ్లు తాగడం తక్కువ, కాబట్టి మలం గట్టిపడుతుంది. అది మూత్రాశయాన్ని నొక్కుతుంటే, ఎంత నేర్పినా బట్టలు తడుస్తూనే ఉంటాయి. ఇది తేలకుండా మిగతావి మొదలుపెట్టడం దండగ. ఫిజియో కూర్చునే కుర్చీ చూడాలి: పాదాలు నేలకు లేదా పలకకు పూర్తిగా ఆనాలి, తుంటి, మోకాళ్లు లంబకోణంలో ఉండాలి, పట్టుకోవడానికి ముందు ఒక కర్ర ఉండాలి. కాళ్లు గాల్లో వేలాడితే ఒళ్లు బిగుసుకుంటుంది, ఒంటికి రాదు. స్పీచ్ థెరపిస్టు ఒకే ఒక సైగ ఎంచాలి, పొట్ట మీద చెయ్యి పెట్టడం లాంటిది. దానితోపాటు పలికే మాట ఇంట్లో వాడే లంబాడీ మాటే అయి ఉండాలి. సైగ చేసిన వెంటనే ఎత్తుకుపోవాలి. మొదటి రెండు వారాలు అది ఉత్తుత్తి సైగ అయినా సరే, కసురుకోకూడదు. ఐఈఆర్‌పీ మూడు రోజుల లెక్క తీయించాలి: పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటకోసారి తడా, పొడా. రాయడం రాని తల్లి గోడ క్యాలెండర్ మీద తడికి అడ్డగీత, పొడికి నిలువుగీత పెడితే సరిపోతుంది. ఎంత సేపటికోసారి తడుస్తోందో తెలిస్తే ఏ సమయానికి కూర్చోబెట్టాలో తెలుస్తుంది.

గమనించారా, ఫిజియో కోరుకున్న కూర్చునే సాధన, స్పీచ్ థెరపిస్టు కోరుకున్న భావప్రకటన రెండూ ఇందులోనే వచ్చేశాయి. రంగులు రాలేదు. రంగులు ఆగుతాయి.

ఇప్పుడు కొలత. 1968 నుంచి వాడుకలో ఉన్న లక్ష్య సాధన కొలబద్దలో -2 నుంచి +2 దాకా ఐదు మెట్లుంటాయి. -2: ఇప్పటి స్థితి, తడిశాకే తెలుస్తుంది. -1: సమయానికి కూర్చోబెడితే రోజుకు రెండుసార్లు పోస్తుంది. 0: పన్నెండు వారాల తర్వాత, వారంలో నాలుగు రోజులైనా రోజుకోసారి ముందుగా సైగ చేస్తుంది. +1: దాదాపు ప్రతిరోజూ, రోజుకు రెండుమూడు సార్లు. +2: పగలంతా తడవడం అరుదు. చాలామంది +2 దగ్గర 'అంగన్‌వాడీలో కూడా' అని చేరుస్తారు. అది తప్పు. ఎన్నిసార్లు అనేదీ, ఎక్కడ అనేదీ ఒకే నిచ్చెనలో మారితే ఏది కుదిరిందో, ఏది కుదరలేదో చెప్పలేం. అంగన్‌వాడీకి వేరే నిచ్చెన వెయ్యండి.

ఫారం అడుగున ఒక గడి కొట్టించండి: 'ఇంట్లో రోజుకు పట్టే మొత్తం నిమిషాలు'. ముందుగా తల్లినే అడగాలి, ఎన్ని నిమిషాలు వీలవుతుందని. 25 అంటే 25. ఆ 25ను పంచుకోవడమే బృందం పని. 40 నిమిషాల పని ఇద్దామనుకున్న థెరపిస్టు అందులో ఏ 10 నిమిషాలు అసలైనవో తేల్చుకోవాలి. మొదట్లో అలిగినా, మూడో సమావేశానికి అందరికీ అలవాటవుతుంది. గడి ఖాళీగా ఉన్న ఫారాన్ని శిక్షకులు తీసుకోకూడదు.

అప్పగించగలిగేవి, అప్పగించకూడనివి

తన పనిని ఇంకొకరికి నేర్పడం నాయకత్వంలో కష్టమైన భాగం. 'నా పని అంగన్‌వాడీ టీచర్ చేస్తే ఇక నేనెందుకు' అన్న భయం థెరపిస్టులకు ఉంటుంది, దాన్ని బయటికే మాట్లాడించండి. పద్ధతి ఇది: చేసి చూపించాలి, పక్కన ఉండి చేయించాలి, ఒంటరిగా చేస్తుంటే చూడాలి, నాలుగు వారాల తర్వాత మళ్లీ చూడాలి. ఈ నాలుగూ తేదీలతో సంతకాలు పెట్టుకుంటేనే అప్పగించినట్టు. వాట్సాప్‌లో వీడియో పంపడం అప్పగించడం కిందికి రాదు.

బిడ్డను సరిగా కూర్చోబెట్టడం, ఎత్తుకునే తీరు, సైగకు జవాబివ్వడం, రోజువారీ పనుల వరుస బొమ్మలు చూపించడం, ఇవన్నీ అప్పగించవచ్చు. మింగడంలో ఇబ్బందిని అంచనా వేయడం, బిగుసుకున్న తుంటిని సాగదీయడం, ఫిట్స్ మందు మోతాదు మార్చడం అప్పగించకూడదు. తినేటప్పుడు దగ్గు, పొలమారడం, మాటిమాటికీ నిమ్ము చేయడం కనిపిస్తే వెంటనే నిపుణుల దగ్గరికి పంపాలి. పడుకోబెట్టి తినిపించడం ఆపించే పని మాత్రం ఎవరైనా, ఆ రోజే చెయ్యాలి.

బృందం ఓటు వెయ్యకూడని సంగతులు కూడా ఉంటాయి. వచ్చిన మాటలు పోవడం, కొత్తగా ఫిట్స్, బరువు తగ్గడం కనిపిస్తే సమావేశం దాకా ఆగకూడదు. బిడ్డ మీద లైంగిక హింస జరిగిందని తెలిసినా, అనుమానం వచ్చినా పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. 'ముందు బృందంలో మాట్లాడదాం' అనడానికి అక్కడ వీల్లేదు.

అభిప్రాయాలు తేడా వచ్చినప్పుడు

ఎక్కువగా తగువు వచ్చేది రెండు చోట్ల: బిడ్డ మామూలు బడికా, ప్రత్యేక బడికా? మాటలు రాని బిడ్డకు సైగలు నేర్పితే మాటలు రాకుండా పోతాయా? రెండో దానికి జవాబు తేలికే. సైగలు, బొమ్మలు మాటలను అడ్డుకోవు. ఆ భయం తల్లిదండ్రుల్లోనే కాదు, టీచర్లలోనూ ఉంటుంది కాబట్టి స్పీచ్ థెరపిస్టు ముందే విడమర్చి చెప్పాలి. మొదటిదానికి ఒక్క జవాబు లేదు. అక్కడ శిక్షణలో చేయించాల్సిన సాధన ఇది: ఎదుటివారి వాదనను వాళ్లు 'అవును, నేనన్నది అదే' అనేదాకా తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే తన వాదన. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. అప్పటికీ తేలకపోతే ఆరు వారాల ప్రయోగం, ముందే రాసుకున్న కొలత, ఒక తేదీ. తల్లిదండ్రుల ముందు గెలవాలని చూసేవారిని నడిపేవారు అక్కడే ఆపాలి, బయటికి తీసుకెళ్లి కాదు.

కుటుంబంతో ఎనిమిది నెలలు

పన్నెండు మందిని ఆరు జంటలు చెయ్యండి, ఒకే వృత్తివారు జంట కాకూడదు. ఒక్కో జంటకు ఒక కుటుంబం. నెలకోసారి వెళ్లాలి, చికిత్స చెయ్యకూడదు. ఇది చాలామందికి మింగుడుపడదు. చేతులు ఊరికే ఉండవు, వెంటనే కాలు పట్టుకుని వంచి చూస్తారు. మొదటి రెండు సందర్శనల్లో చూడాల్సింది ఒక రోజు ఎలా గడుస్తుందో, ఆస్పత్రికి రావడానికి ఎన్ని బస్సులు మారాలో, ఏ రోజు కూలి పోతుందో, నానమ్మ ఏమంటుందో. ఫొటోలు తీయకండి. తీయాల్సి వస్తే రాతపూర్వక అనుమతి తీసుకోండి, గ్రూపుల్లో పెట్టకండి.

శిక్షకుడిగా వచ్చే వైకల్యమున్న వ్యక్తికి ఎజెండాను రెండు రోజుల ముందే ఇవ్వాలి, పేజీకి ఒక్క విషయం, పెద్ద అక్షరాలు, పక్కన బొమ్మ. ప్రశ్న ఆయననే అడగాలి, పక్కనున్న అన్నను కాదు. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, తొందరపడి మనమే చెప్పేస్తే ఇక రాదు. పాతికేళ్ల మనిషిని 'బాబూ' అనడం మొదటి రోజే మానిపించండి.

వ్యవస్థలో ఒక్క లోపం

చివరి నాలుగు నెలల్లో ఒక్కో జంట తమ పరిధిలోని ఒక లోపం ఎంచుకోవాలి. 'అవగాహన పెంచడం' అని రాస్తే ఒప్పుకోకండి. ఎంచుకునే పనిలో కొలవగలిగింది ఒకటి ఉండాలి. ఉదాహరణకు, ఆర్‌బీఎస్‌కే బృందం రెఫర్ చేసిన రోజుకూ, జిల్లా సత్వర చికిత్సా కేంద్రం డైక్‌లో మొదటిసారి చూసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు? వరుసగా 20 చీటీలు తీసుకుని రోజులు లెక్కేసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, పదో, పదకొండో అంకెలకు సరిగ్గా నడుమనున్న అంకె (మధ్యస్థం) తీయండి. మొత్తం ఇరవైకీ సగటు తీస్తే 200 రోజులు పట్టిన ఒక్క బిడ్డ మొత్తం లెక్కను లాగేస్తుంది. తర్వాత ఆలస్యం ఎక్కడో వెతకండి. ఫోన్ నంబరు తప్పుగా రాయడం, స్పెషలిస్టు లేని రోజున పంపడం లాంటివే తరచూ బయటపడతాయి, వాటికి నిధులు అక్కర్లేదు.

ఇంకో మంచి పని పద్దెనిమిదేళ్ల అంచున ఉన్నవారి జాబితా. ఆర్‌బీఎస్‌కే 18 ఏళ్లతో ఆగిపోతుంది, తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వమూ అక్కడే ముగుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బౌద్ధిక వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకులను నియమిస్తుంది. అదే ట్రస్టు నడిపే నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు ఇస్తుంది. 17 నిండినవారి ఇళ్లకు ఈ రెండు సంగతులూ చేర్చడం ఒక జంటకు సరిపోయే పని. సంరక్షకత్వం నిజంగా అవసరమా అన్నది ముందు ఆ వ్యక్తితోనే మాట్లాడాలి. తన నిర్ణయం తాను తీసుకోగలిగినవాళ్ల మీద దాన్ని రుద్దకూడదు.

అధికారికి ఇచ్చే లేఖ ఒక పేజీ దాటకూడదు: ఒక అంకె, ఒక కారణం, ఒక కోరిక, చేయాల్సిన అధికారి హోదా. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి, 15 రోజుల తర్వాత అదే నంబరుతో మళ్లీ వెళ్లండి. ఉద్యోగులు తమ శాఖ మీద తామే ఫిర్యాదు ఇస్తే మెమో వస్తుంది. అందుకే అంకెలు మీరు తయారుచేసి పైఅధికారికి పద్ధతి ప్రకారం పంపండి, కోరిక తల్లిదండ్రుల సంఘం పేరిట వెళ్లనివ్వండి. ఇందులో దొంగతనం ఏమీ లేదు, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునే చేస్తారు.

ఫలితం ఎలా తెలుస్తుంది

చివరి రోజు అదే రెండు పేజీల కేసు మళ్లీ ఇచ్చి, మళ్లీ మూడు విషయాలు రాయించండి. జూలై కాగితాలు పక్కన పెట్టి, తన వృత్తికి బయటి విషయాలు ఎన్ని రాశారో లెక్కపెట్టండి. మూడింటిలో ఒక్కటీ మారనివారితో విడిగా కూర్చోవాలి, సర్టిఫికెట్ ఆపాల్సిన పని లేదు. ఆరు కుటుంబాలకూ శిక్షణలో లేని మనిషి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగాలి: మీరు కోరింది కాగితం మీద ఉందా? రోజుకు ఎంతసేపు పని చెప్పారు?

వేసవి సెలవులకు ముందు, ఏప్రిల్ మొదట్లో, పన్నెండు మందినీ గత వారం నింపిన ఒక ఫారం తెమ్మనండి. పేర్లు కొట్టేసి తేవచ్చు. అడుగు గడిలో నిమిషాలు వేసి ఉన్నాయో లేదో చూడండి. ఖాళీగా ఉంటే ఆ మనిషి పనిచేసే చోటికే వెళ్లి ఒక కేసు సమావేశం కలిసి నడపండి. అక్కడ చాలాసార్లు తేలేది ఏమిటంటే, ఆ ఆఫీసులో ఇంకా పాత ఫారాలే జిరాక్స్ తీస్తున్నారు.